ఉబ్బసం: వచ్చిపోయే ఆయాసాన్ని గుర్తించడం ఎలా?

ఉబ్బసం శ్వాసనాళాలకు సంబంధించిన దీర్ఘకాలిక వ్యాధి. పసిపిల్లల నుంచి వృద్ధుల వరకు ఏ వయసువారికైనా ఇది రావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా 26 కోట్ల 20 లక్షల మంది ఈ వ్యాధితో బాధపడ్డారు. అదే ఏడాది 4 లక్షల 55 వేల మంది దీనివల్ల మరణించారు. భారతదేశంలో బాధితుల సంఖ్య సుమారు 3 కోట్ల 40 లక్షలని ప్రపంచ వ్యాధి భార అధ్యయనం 2019 సంవత్సరానికి అంచనా కట్టింది. ప్రపంచంలోని ఉబ్బస రోగులలో భారత్ వాటా దాదాపు 13 శాతం. మరణాలలో మాత్రం ఆ వాటా 40 శాతాన్ని మించి ఉంది.

ఈ వ్యత్యాసానికి కారణం ఇక్కడి ఉబ్బసం వేరే రకమైనది కావడం కాదు. వ్యాధిని ఆలస్యంగా గుర్తించడం, గుర్తించిన తరువాత కూడా శ్వాసనాళాల వాపును తగ్గించే మందును క్రమం తప్పకుండా వాడకపోవడం ఇందుకు ప్రధాన కారణాలని వైద్య నిపుణులు చెబుతున్నారు. సకాలంలో గుర్తించి సరైన చికిత్స అందిస్తే ఉబ్బసం ఉన్నవారిలో అత్యధికులు చదువు, ఉద్యోగం, ఆటలు దేనికీ దూరం కాకుండా జీవించగలరు.

శ్వాసనాళాలలో ఏం జరుగుతుంది?

ముక్కు, గొంతు దాటి లోపలికి వెళ్లిన గాలి శ్వాసనాళాల గుండా ఊపిరితిత్తులకు చేరుతుంది. చెట్టు కాండం నుంచి కొమ్మలు, రెమ్మలు చీలినట్లు ఈ నాళాలు అంతకంతకూ సన్నబడుతూ విస్తరించి ఉంటాయి. ఉబ్బసం ఉన్నవారిలో ఈ నాళాల లోపలి పొర దీర్ఘకాలంగా వాచి ఉంటుంది. ఇతరులకు ఏమీ కాని దుమ్ము, పొగ, చల్లగాలి కూడా ఆ పొరను రెచ్చగొడతాయి.

అప్పుడు మూడు మార్పులు జరుగుతాయి. నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. లోపలి పొర మరింత ఉబ్బుతుంది. చిక్కని కళ్లె ఊరి దారికి అడ్డుపడుతుంది. ఫలితంగా గాలి వెళ్లే మార్గం ఇరుకవుతుంది. పీల్చడం కన్నా ఊపిరి వదలడం ఎక్కువ కష్టమవుతుంది. ఇరుకు సందులోంచి గాలి బయటికి వచ్చేటప్పుడు వినిపించే ఈల వంటి శబ్దాన్నే తెలుగునాట పిల్లికూతలు అంటారు.

కొంతసేపటికి దానంతట అదే గాని, మందుతో గాని నాళాలు తిరిగి తెరుచుకుంటాయి. ఆయాసం తగ్గుతుంది. అయితే లోపలి వాపు మాత్రం మిగిలే ఉంటుంది. బాధ లేని రోజుల్లో సైతం వ్యాధి ఉన్నట్లేనని వైద్యులు హెచ్చరించేది ఇందుకే.

నాలుగు ముఖ్య లక్షణాలు

దగ్గు, పిల్లికూతలు, ఆయాసం, ఛాతీ పట్టేసినట్లు ఉండడం. ఈ నాలుగూ ఉబ్బసం ప్రధాన లక్షణాలు. అందరిలోనూ నాలుగూ కనిపించవు. కొందరిలో వారాల తరబడి వేధించే పొడి దగ్గు ఒక్కటే ఉంటుంది. అటువంటివారు దగ్గు మందులు మారుస్తూ, అసలు వ్యాధి తెలియకుండానే నెలలు గడిపేస్తుంటారు.

లక్షణం కన్నా దాని తీరు ముఖ్యమైనది. ఉబ్బసపు బాధ ఒకే స్థాయిలో నిలిచి ఉండదు, వచ్చిపోతుంటుంది. ఒక వారం తీవ్రంగా ఉండి, మరో వారం ఏమీ లేనట్లు ఉండవచ్చు. రాత్రి పొద్దుపోయాక, తెల్లవారుజామున ఎక్కువవుతుంది. నిద్రలో దగ్గుతో లేచి కూర్చోవడం, మెట్లెక్కినా పరుగెత్తినా దగ్గు తెర రావడం, పెద్దగా నవ్వినా ఏడ్చినా ఊపిరి అందకపోవడం, జలుబు చేసిన ప్రతిసారీ అది ఛాతీలోకి దిగి పదిరోజులకు పైగా వదలకపోవడం వంటివి గమనించదగిన సూచనలు.

రోగికి చిన్నతనంలో ఎగ్జిమా వంటి అలర్జీ చర్మవ్యాధి ఉండడం, తరచూ తుమ్ములు, ముక్కు దిబ్బడ, కళ్ల దురద రావడం, తల్లిదండ్రులలో గాని తోబుట్టువులలో గాని ఉబ్బసం ఉండడం అనుమానాన్ని బలపరుస్తాయి. అయితే కుటుంబంలో ఎవరికీ లేనంత మాత్రాన ఉబ్బసం కాదని చెప్పలేము. ఇది ఒకరి నుంచి మరొకరికి అంటుకునే వ్యాధి కాదు. కలిసి భోజనం చేయడం వల్ల, ఒకే గదిలో పడుకోవడం వల్ల సోకదు.

రెచ్చగొట్టే కారణాలు

ఉబ్బసాన్ని రేకెత్తించే కారణాలు మనిషి మనిషికీ మారుతుంటాయి. పరుపులు, దిండ్లు, పాత దుప్పట్లలో ఉండే కంటికి కనిపించని ధూళి పురుగులు, బొద్దింకలు, గోడల చెమ్మపై పెరిగే బూజు, పెంపుడు జంతువుల నుంచి రాలే పొట్టు, పుప్పొడి అలర్జీ ద్వారా పనిచేస్తాయి. పొలం గట్ల మీద, ఖాళీ స్థలాలలో విస్తారంగా పెరిగే వయ్యారిభామ మొక్క పుప్పొడి కూడా వీటిలో ఒకటి.

కట్టెల పొయ్యి, పిడకల పొగ, బీడీ, సిగరెట్ పొగ, దోమల చుట్టలు, అగరుబత్తులు, దీపావళి బాణసంచా, వాహనాల పొగ, తాలింపు ఘాటు శ్వాసనాళాలను నేరుగా రేపుతాయి. ఇంట్లో ఒకరు పొగ తాగినా పక్కనున్న పిల్లలకు ముప్పే. జలుబు కలిగించే వైరస్‌లు పిల్లల్లోనూ పెద్దల్లోనూ తీవ్రమైన ఉబ్బసపు దాడులకు అతి ముఖ్య కారణం. వ్యాయామం, చల్లని పొడిగాలి, తీవ్రమైన మానసిక ఉద్వేగం కూడా కారణం కావచ్చు.

కొందరికి ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు పడవు. రక్తపోటుకు, గుండె జబ్బుకు ఇచ్చే కొన్ని మందులు, గ్లాకోమాకు వాడే కొన్ని కంటి చుక్కలు సైతం శ్వాసనాళాలను బిగింపజేస్తాయి. కాబట్టి ఏ వైద్యుని వద్దకు వెళ్లినా ఉబ్బసం ఉన్న సంగతి ముందుగా చెప్పాలి.

పని స్థలం కూడా పరిశీలించవలసిన అంశమే. పిండి మరలలో, బేకరీలలో, వడ్రంగి పనిలో, రంగులు చల్లే పనిలో ఉన్నవారికి ఆ ధూళి, ఆవిరుల వల్లనే ఉబ్బసం మొదలు కావచ్చు. పనికి వెళ్లిన రోజుల్లో బాధ పెరిగి, సెలవు రోజుల్లో తగ్గుతుంటే ఆ విషయాన్ని వైద్యునికి తప్పక తెలపాలి.

నిర్ధారణలో ఉన్న చిక్కు

జ్వరమైతే కొలిచి చూపవచ్చు. ఎముక విరిగితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది. ఉబ్బసం అలా కాదు. అర్ధరాత్రి ఊపిరాడక కూర్చున్న మనిషి మర్నాటి పదిగంటలకు ఆసుపత్రికి చేరేసరికి మామూలుగా శ్వాసిస్తుంటాడు. స్టెతస్కోపులో ఏ శబ్దమూ వినిపించకపోవచ్చు. ఉబ్బసంలో ఛాతీ ఎక్స్‌రే సాధారణంగా మామూలుగానే ఉంటుంది. ‘ఏమీ లేదు’ అన్న మాటతో ఇంటికి తిరిగి వెళ్లిన రోగికి ఆ రాత్రి మళ్లీ ఆయాసం వస్తుంది.

అందువల్ల ఉబ్బస నిర్ధారణకు రెండు ఆధారాలు కావాలి. మొదటిది, వచ్చిపోయే తీరును స్పష్టంగా చెప్పే వ్యాధి చరిత్ర. రెండవది, ఊపిరి వదిలే వేగం నిజంగానే తగ్గుతూ పెరుగుతూ ఉన్నదని చూపే కొలత. బాధ ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది, దానికి ముందు ఏం జరిగింది, దేనితో తగ్గింది అన్న వివరాలను రెండు వారాలపాటు ఒక పుస్తకంలో రాసుకుని తీసుకువెళితే వైద్యునికి ఎంతో ఉపయోగపడుతుంది. ఆయాసం వచ్చినప్పుడు సెల్‌ఫోన్‌లో చిత్రీకరించిన చిన్న వీడియో కూడా సాయపడుతుంది.

ఊది చూసే పరీక్షలు

ఉబ్బస నిర్ధారణలో ప్రధానమైనది స్పైరోమెట్రీ. స్పైరోమీటర్‌ను 1846లో జాన్ హచిన్సన్ అనే ఆంగ్ల వైద్యుడు వెలుగులోకి తెచ్చాడు. నేటి యంత్రాలు కంప్యూటర్‌తో పనిచేస్తున్నా సూత్రం మాత్రం సులువైనదే. ఛాతీ నిండా గాలి పీల్చి, గొట్టంలోకి బలంగా, వేగంగా, చివరివరకూ ఊదాలి. మొదటి సెకనులో బయటికి వచ్చిన గాలి ఎంత, మొత్తం వచ్చిన గాలి ఎంత అన్నది యంత్రం లెక్కిస్తుంది. ఆరోగ్యవంతులైన పెద్దల్లో మొత్తం గాలిలో సాధారణంగా 75 నుంచి 80 శాతానికి పైగా మొదటి సెకనులోనే బయటికి వస్తుంది. పిల్లల్లో ఇది 90 శాతానికి పైగా ఉంటుంది. శ్వాసనాళాలు ఇరుకైతే ఈ నిష్పత్తి పడిపోతుంది.

తరువాత సాల్బుటమాల్ మందును పీల్పించి, 10 నుంచి 15 నిమిషాలు ఆగి, మళ్లీ ఊదిస్తారు. పెద్దవారిలో మొదటి సెకను గాలి కనీసం 12 శాతం, దానితోపాటు 200 మిల్లీలీటర్లు పెరిగితే నాళాలు మందుతో తెరుచుకున్నాయని అర్థం. ఉదాహరణకు మందుకు ముందు 2 లీటర్లు ఉన్నది, మందు తరువాత 2.3 లీటర్లకు చేరితే పెరుగుదల 300 మిల్లీలీటర్లు, అంటే 15 శాతం. ఇది ఉబ్బసాన్ని సమర్థించే ఫలితం. పరీక్షకు ముందు ఏ మందులను ఎన్ని గంటలు ఆపాలో వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

స్పైరోమీటర్ అందుబాటులో లేని చోట పీక్ ఫ్లో మీటర్ ఉపయోగపడుతుంది. బ్రిటన్‌కు చెందిన మార్టిన్ రైట్ దీనిని రూపొందించగా, 1959లో వైద్య లోకానికి పరిచయమైంది. అరచేతిలో పట్టే ఈ గొట్టంలోకి ఒక్కసారిగా ఊదితే ముల్లు ఒక అంకె వద్ద ఆగుతుంది. ఉదయం, సాయంత్రం మూడేసిసార్లు ఊది, వాటిలో పెద్ద అంకెను రాసుకోవాలి. ఒక రోజు ఉదయం 300, సాయంత్రం 400 వచ్చిందనుకుంటే తేడా 100, సగటు 350, మార్పు దాదాపు 29 శాతం. ఇలా రోజువారీ మార్పు ఒకటి రెండు వారాల సగటున పెద్దల్లో 10 శాతాన్ని, పిల్లల్లో 13 శాతాన్ని మించితే అది ఉబ్బసానికి సూచన.

పరీక్ష జరిగిన రోజు నాళాలు తెరుచుకునే ఉంటే ఫలితం మామూలుగా రావచ్చు. ఒక్కసారి మామూలుగా వచ్చినంత మాత్రాన ఉబ్బసం లేదని తేల్చకూడదు. లక్షణాలు ఉన్న సమయంలో మళ్లీ పరీక్షించాలి. పెద్ద ఆసుపత్రులలో మెథాకోలిన్ అనే మందును కొద్ది కొద్దిగా పీల్పించి నాళాల స్పందనను చూస్తారు. ఊపిరిలోని నైట్రిక్ ఆక్సైడ్‌ను, రక్తంలోని ఇయోసినోఫిల్ కణాలను కొలవడం వల్ల వాపు ఏ రకానిదో తెలుస్తుంది. అలర్జీ పరీక్షలు దేనికి పడదో సూచిస్తాయి గాని, అవి ఒక్కటే ఉబ్బసాన్ని నిర్ధారించలేవు.

చిన్నపిల్లల విషయంలో

ఐదేళ్లలోపు పిల్లలు ఈ పరీక్షలు సరిగా చేయలేరు. పైగా ఈ వయసులో చాలామంది పిల్లలకు జలుబుతోపాటు పిల్లికూతలు వస్తాయి. వారందరికీ ఉబ్బసం ఉన్నట్లు కాదు. కొందరిలో వయసు పెరిగే కొద్దీ అవి తగ్గిపోతాయి. జలుబు లేనప్పుడు కూడా దగ్గు, పిల్లికూతలు రావడం, ఆడుకునేటప్పుడు మిగతా పిల్లలకన్నా ముందే అలసి కూర్చోవడం, రాత్రి నిద్ర చెడడం, వాపును తగ్గించే ఇన్‌హేలర్‌తో రెండు మూడు నెలల్లో మెరుగుపడి, ఆపగానే బాధ తిరిగి రావడం వంటి అంశాలను బట్టి వైద్యులు నిర్ణయానికి వస్తారు.

ఉన్నట్టుండి ఒక్కసారిగా దగ్గు, పిల్లికూతలు మొదలైతే వేరుశనగ గింజ, బొమ్మ ముక్క వంటిదేదైనా శ్వాసనాళంలో ఇరుక్కుందేమో వెంటనే పరీక్షించాలి. బరువు పెరగకపోవడం, పుట్టిన నాటి నుంచే ఊపిరి కష్టంగా ఉండడం వంటివి వేరే వ్యాధులకు సూచనలు.

ఉబ్బసంలా కనిపించే వ్యాధులు

ఆయాసమంతా ఉబ్బసం కాదు. రెండు వారాలకు మించిన దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం ఉంటే మొదట క్షయ పరీక్ష చేయించాలి. నలభై ఏళ్లు దాటిన పొగతాగేవారిలో, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి దగ్గర వంట చేసిన స్త్రీలలో సీఓపీడీ అనే వ్యాధి రావచ్చు. అందులో ఆయాసం వచ్చిపోకుండా క్రమంగా పెరుగుతూ ఉంటుంది. పడుకుంటే ఆయాసం, కాళ్ల వాపు గుండె బలహీనతకు గుర్తులు కావచ్చు.

బోదకాలు వ్యాధి ఉన్న ప్రాంతాలలో మరో ప్రత్యేక వ్యాధి కనిపిస్తుంది. ఫైలేరియా క్రిములపై శరీరం అతిగా స్పందించడం వల్ల రక్తంలో ఇయోసినోఫిల్ కణాలు విపరీతంగా పెరిగి, రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు వస్తాయి. అచ్చం ఉబ్బసంలా ఉన్నప్పటికీ దీనికి చికిత్స వేరు. డైఇథైల్ కార్బమజైన్ మందుతో ఇది తగ్గుతుంది. సులభమైన రక్త పరీక్షతో ఈ అనుమానాన్ని తేల్చుకోవచ్చు.

చికిత్స: రెండు రకాల మందులు, కొన్ని అపోహలు

ఉబ్బసం మందులు ప్రధానంగా రెండు రకాలు. సాల్బుటమాల్ వంటివి బిగిసిన కండరాలను నిమిషాలలో సడలించి ఉపశమనం ఇస్తాయి. అయితే వాపును తగ్గించవు. బ్యూడెసోనైడ్, బెక్లోమెథాసోన్ వంటి పీల్చే స్టెరాయిడ్లు వాపును తగ్గించి, దాడులు రాకుండా కాపాడతాయి. వాటి ప్రభావం కనిపించడానికి రోజులు, వారాలు పడుతుంది. వెంటనే హాయినిచ్చేదానినే అసలు మందుగా భావించి, నెమ్మదిగా పనిచేసేదానిని ఆపివేయడం రోగులు తరచుగా చేసే పొరపాటు. సాల్బుటమాల్ ఒక్కదానితోనే ఉబ్బసానికి చికిత్స చేయరాదని అంతర్జాతీయ మార్గదర్శకాలు రూపొందించే జినా సంస్థ 2019 నుంచి స్పష్టం చేస్తోంది. పెద్దలకు, కౌమార వయసువారికి ఉపశమన సమయంలో సైతం వాపు తగ్గించే మందు కలిసి ఉండే బ్యూడెసోనైడ్, ఫార్మోటెరాల్ జంట ఇన్‌హేలర్‌కు ఆ సంస్థ ప్రాధాన్యం ఇస్తోంది.

ఇన్‌హేలర్ అలవాటైపోతుందని, అది ఆఖరి దశ మందని చాలామంది భయపడతారు. ఇది నిజం కాదు. సాల్బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములు ఉంటే, ఇన్‌హేలర్ ఒక్క నొక్కుకు ఇచ్చేది 100 మైక్రోగ్రాములు మాత్రమే. అంటే ఒక మాత్ర 40 నొక్కులతో సమానం. మాత్ర కడుపులోకి, రక్తంలోకి చేరి శరీరమంతా తిరుగుతుంది. పీల్చిన మందు నేరుగా కావలసిన చోటికే చేరుతుంది. అందుకే చేతుల వణుకు, గుండెదడ వంటివి తక్కువ. మరోవైపు, ఆయాసం వచ్చిన ప్రతిసారీ స్టెరాయిడ్ మాత్రలు, ఇంజక్షన్లతో నెట్టుకొస్తే కాలక్రమంలో మధుమేహం, రక్తపోటు, ఎముకల బలహీనత, పిల్లల్లో ఎదుగుదల లోపం వచ్చే ప్రమాదం ఉంది.

ఇన్‌హేలర్ వాడే పద్ధతి కూడా ముఖ్యమే. స్ప్రే రకాన్ని బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, పెదవులతో బిగించి పట్టుకుని, నొక్కుతూనే నెమ్మదిగా లోతుగా పీల్చాలి. పది సెకన్లు ఊపిరి బిగపట్టాలి. స్పేసర్ అనే గొట్టం అమర్చుకుంటే మందు గొంతులో ఉండిపోకుండా ఊపిరితిత్తులకు చేరుతుంది. పొడి మందు ఇన్‌హేలర్‌నైతే వేగంగా, బలంగా పీల్చాలి. స్టెరాయిడ్ పీల్చిన తరువాత నోరు పుక్కిలించి ఉమ్మివేయాలి.

ఏటా మృగశిర కార్తెనాడు హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం ఇచ్చే చేపమందు కోసం పలు రాష్ట్రాల నుంచి ప్రజలు తరలివస్తారు. ఉబ్బసంపై దాని ప్రభావం శాస్త్రీయ పరీక్షలలో నిరూపితం కాలేదు. నమ్మకంతో దేనిని స్వీకరించినా, వైద్యులు ఇచ్చిన ఇన్‌హేలర్‌ను ఆపడం మాత్రం ప్రాణాపాయానికి దారితీయవచ్చు. గర్భిణులు కూడా మందు మానకూడదు. అదుపులో లేని ఉబ్బసమే తల్లికీ గర్భస్థ శిశువుకూ ఎక్కువ హాని చేస్తుంది. పెళ్లి సంబంధాలకు అడ్డవుతుందన్న భయంతో ఆడపిల్లల ఉబ్బసాన్ని దాచిపెట్టి, ఇన్‌హేలర్ వాడనివ్వకపోవడం కూడా ఇంతే ప్రమాదకరం.

వ్యాధి అదుపులో ఉందా?

గడచిన నాలుగు వారాలను దృష్టిలో ఉంచుకుని రోగి నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. పగటిపూట బాధ వారానికి రెండుసార్లకు మించి వచ్చిందా? ఉబ్బసంతో రాత్రి నిద్ర లేవవలసి వచ్చిందా? సాల్బుటమాల్ వంటి ఉపశమన మందు వారానికి రెండుసార్లకు మించి అవసరమైందా? ఆయాసం వల్ల ఏ పనైనా మానుకోవలసి వచ్చిందా? నాలుగింటికీ ‘లేదు’ అన్న సమాధానం వస్తే వ్యాధి అదుపులో ఉన్నట్లు. ఒక్క ‘అవును’ ఉన్నా వైద్యుని సంప్రదించి చికిత్సను సరిచూసుకోవాలి. మూడు, నాలుగు ‘అవును’లు వస్తే ఏమాత్రం ఆలస్యం చేయకూడదు.

తక్షణమే ఆసుపత్రికి వెళ్లవలసిన సందర్భాలు

ఒక వాక్యం పూర్తిగా చెప్పలేనంత ఆయాసం, ఉపశమన మందు వాడినా తగ్గకపోవడం, పెదవులు, గోళ్లు నీలిరంగుకు మారడం, మగతగా ఉండడం, పిల్లల్లో పక్కటెముకల మధ్య చర్మం లోనికి లాక్కుపోవడం, పాలు తాగలేకపోవడం ప్రమాద సూచనలు. అంతవరకు గట్టిగా వినిపించిన పిల్లికూతలు ఆయాసం తగ్గకుండానే ఆగిపోతే అది మెరుగుదల కాదు. గాలి కదలిక దాదాపు నిలిచిపోతున్నదని గ్రహించాలి.

అటువంటప్పుడు వెంటనే 108కు ఫోన్ చేయాలి. రోగిని పడుకోబెట్టకుండా నిటారుగా కూర్చోబెట్టాలి. బిగుతు దుస్తులు వదులు చేయాలి. అంబులెన్స్ వచ్చేలోగా సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌ను స్పేసర్‌తో, ఒక్కొక్క నొక్కుగా, ప్రతి నొక్కుకూ నాలుగైదుసార్లు ఊపిరి పీల్పిస్తూ ఇవ్వాలి. పెద్దలకు ఇలా నాలుగు నుంచి పది నొక్కుల వరకు ఇవ్వవచ్చు. తగ్గకపోతే 20 నిమిషాల తరువాత మళ్లీ ఇవ్వాలి. పిల్లలకు ఎన్ని ఇవ్వాలో వైద్యుని నుంచి ముందుగానే రాయించుకుని, ఆ కాగితాన్ని ఇంట్లోనూ బడిలోనూ ఉంచాలి.

మే నెల మొదటి మంగళవారాన్ని ప్రపంచ ఉబ్బస దినంగా 1998 నుంచి పాటిస్తున్నారు. భారత ప్రభుత్వ జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో ఉబ్బసం కూడా చేరి ఉంది. సాల్బుటమాల్, బ్యూడెసోనైడ్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. వారాల తరబడి దగ్గు వదలనివారు, రాత్రిపూట ఆయాసంతో మేల్కొంటున్నవారు సమీప ప్రభుత్వ ఆసుపత్రిలోని ఛాతీ వ్యాధుల విభాగాన్ని సంప్రదించాలి. ఆ రోజు బాధ లేకపోయినా వెళ్లాలి. బాధ ఎప్పుడెప్పుడు వచ్చిందో రాసుకున్న పుస్తకాన్ని వెంట తీసుకువెళ్లడం మరువకూడదు.